ఇల్లు కనిపించని ఇంటి ఫొటో: యుద్ధం తర్వాతి అమెరికాలో పిల్లల స్టూడియో చిత్రాలు

క్లుప్తంగా

1945 తర్వాత ఓ ఇరవై ఏళ్ల పాటు అమెరికన్ స్టూడియోలు తీసిన పిల్లల ఫొటోలు అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ఆనాటి కుటుంబ ఆదర్శం అందుకు ఒక కారణం. తక్కువ ధరకు ఎక్కువ ప్రింట్లు అమ్మాల్సిన వ్యాపార పద్ధతి ఇంకో కారణం, అదీ తక్కువదేం కాదు. ఉత్త తెర ముందు పిల్లవాణ్ని కూర్చోబెట్టి తీయడంతో ఇల్లు, వీధి, ఆదాయం ఫొటోలోంచి తప్పుకున్నాయి. అప్పటి కుటుంబాలు ఎలా బతికాయన్నదానికి ఈ ఫొటోలు బలహీనమైన సాక్ష్యం. ఎలా కనిపించాలనుకున్నాయో మాత్రం బాగానే చెబుతాయి.

పాత ఫొటోలు, పాత వాదన

పాపిడి తీసి నున్నగా దువ్విన తల, మెడకు బో టై లేదా కుచ్చుల గౌను, వెనక మబ్బుమబ్బుగా ఒక తెర, కెమెరాకు కాస్త పక్కగా చూసే కళ్లు. 1950ల అమెరికా పేరుతో సోషల్ మీడియాలో తిరిగే పిల్లల ఫొటోలు దాదాపు ఇలాగే ఉంటాయి. జననాల రేటు పడిపోతోందన్న చర్చ లేచినప్పుడో, పాతకాలపు ఇల్లాలి జీవితాన్ని పొగిడే వీడియో వైరల్ అయినప్పుడో ఇవి మళ్లీ బయటికొస్తాయి. వాటి కింద నడిచే వాదన కూడా మారదు. కుటుంబమంటే అప్పుడే ఉండేదని ఒకరు, అదంతా పైపై మెరుగని ఇంకొకరు.

ఇద్దరూ చూసేది ఫొటోలో ఉన్న ముఖాన్నే. ఆ ఫొటో ఎవరు, ఎందుకు తీశారు, ఎంతకు అమ్మారు, కొన్నది ఎవరు అన్న ప్రశ్నలు ఈ వాదనలోకి రావు. అసలు సంగతి ఎక్కువగా అక్కడే ఉంది.

ఆగిపోయిన పెళ్లిళ్లు, ఒక్కసారిగా పిల్లలు

1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికాలో పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, పిల్లల్ని కనడం తగ్గింది. 1933లో పనిచేయగలిగినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఉద్యోగం లేదు. ఆ వెంటనే యుద్ధం వచ్చి కోటిన్నరకు పైగా మందిని యూనిఫాంలోకి లాగింది. యుద్ధం ముగిశాక అంతవరకు ఆగినవన్నీ ఒకేసారి కదిలాయి. 1946లో 34 లక్షల మంది పిల్లలు పుట్టారు. 1957లో ఆ సంఖ్య 43 లక్షలకు చేరింది. 1946 నుంచి 1964 వరకు పుట్టిన దాదాపు 7.6 కోట్ల మందిని బేబీ బూమ్ తరం అంటారు. పెళ్లి వయసు కూడా తగ్గింది. 1956లో తొలిసారి పెళ్లి చేసుకున్న స్త్రీల మధ్యగత వయసు (సగం మంది అంతకన్నా చిన్నవాళ్లు) 20.1, పురుషులది 22.5 ఏళ్లు.

1944లో వచ్చిన జీఐ బిల్లు మాజీ సైనికులకు కాలేజీ చదువుకు సాయం, ఇంటి రుణానికి ప్రభుత్వ హామీ ఇచ్చింది. 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్ మొదలైంది. ఫ్యాక్టరీలో వస్తువులు చేసినట్టు ఒకే నమూనాలో 17 వేలకు పైగా ఇళ్లు కట్టిన కాలనీ అది. తండ్రి ఉద్యోగం, తల్లి ఇల్లు, ఇద్దరు ముగ్గురు పిల్లలు, ముంగిట కారు అనే చిత్రం ఇలాంటి చోట్లే స్థిరపడింది. ఈ కుటుంబాలు తాత నానమ్మలున్న ఊరికి దూరంగా వచ్చి స్థిరపడినవి. పిల్లలు ఎలా ఎదుగుతున్నారో ఊళ్లోవాళ్లకు చూపించాలంటే కవర్లో పెట్టి పంపగల ఫొటో కావాలి. స్టూడియోల గిరాకీలో పెద్ద భాగం ఈ దూరమే పుట్టించిందని చెప్పవచ్చు.

ఇంకో మార్పు నెమ్మదిగా వచ్చింది. దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. 1915లో అమెరికాలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు 100 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1950 నాటికి ఆ సంఖ్య 29కి తగ్గింది. పందొమ్మిదో శతాబ్దంలో పిల్లల ఫొటో చాలా ఇళ్లలో ఒక ముందుజాగ్రత్త. బిడ్డ దక్కకపోతే చూసుకోవడానికి మిగిలేది అదొక్కటే. ప్రాణం పోయాక తీయించిన ఫొటోలూ ఆ కాలంలో మామూలే. యుద్ధం తర్వాత ఫొటో పని మారింది. మూడో నెలలో ఒకటి, ఆరో నెలలో ఒకటి, మొదటి పుట్టినరోజుకు ఒకటి, ఆ తర్వాత ఏటా ఒకటి. ఇలా వరసగా తీయించడమంటే బిడ్డ వచ్చే ఏడూ ఉంటుందన్న నమ్మకం కుదిరిందని అర్థం. ఏ వయసుకు ఏం చేయాలో పట్టికలు వేసిన యేల్ విశ్వవిద్యాలయపు ఆర్నాల్డ్ గెసెల్ లాంటి శిశు నిపుణుల ప్రభావమూ ఇందులో ఉంది. గెసెల్ తన పరిశీలనలకు కెమెరానే వాడాడు. ఇంట్లో గోడమీది ఫొటోల వరస ఆ పట్టికకు తల్లిదండ్రులు తయారుచేసుకున్న నకలు లాంటిది.

అలాగని భయం పోలేదు. 1952లో దాదాపు 58 వేల పోలియో కేసులు నమోదయ్యాయి. టీకా పనిచేస్తోందన్న ప్రకటన 1955 ఏప్రిల్ 12న గానీ రాలేదు. బుగ్గలు ఎర్రగా, కాళ్లు నిటారుగా కనిపించే ఫొటోకు ఆ రోజుల్లో వేరే విలువ ఉండేది.

ఉచితంగా ఒకటి, డబ్బుకు పన్నెండు

పిల్లల ఫొటో వ్యాపారానికి రెండు చిక్కులున్నాయి. పిల్లలు కదులుతారు. ఒక ఫొటో మీద వచ్చే డబ్బు స్టూడియో ఖర్చుకు చాలదు.

మొదటిదానికి సాంకేతికత జవాబు చెప్పింది. పందొమ్మిదో శతాబ్దంలో క్షణాలకు క్షణాలు కదలకుండా ఉండాల్సి వచ్చేది. తల్లి మీద గుడ్డ కప్పేసి, ఆమె ఒళ్లో బిడ్డను కూర్చోబెట్టి తీసిన విచిత్రమైన ఫొటోలు ఆ కాలానివే. 1940ల నుంచి స్టూడియోలకు ఎలక్ట్రానిక్ ఫ్లాష్ అందుబాటులోకి వచ్చింది. అది వెలిగేది సెకనులో అతి చిన్న భాగం. పిల్లవాడు తల తిప్పినా, చప్పట్లు కొట్టినా బొమ్మ చెదరదు. 'సహజమైన చిరునవ్వు' అనే ఫ్యాషన్ ఆ తర్వాతే జోరందుకుంది. కెమెరా వెనక కిలకిలలాడే బొమ్మను ఊపే మనిషి ఫొటోగ్రాఫర్ అంత ముఖ్యమయ్యాడు.

రెండో చిక్కుకు జవాబు చెప్పింది అమ్మకాల పద్ధతి. ఓలన్ మిల్స్ అనే సంస్థ 1932లో అలబామా రాష్ట్రంలోని టస్కలూసాలో మొదలైంది. దాని మనుషులు ఇంటింటికీ తిరిగి, తర్వాత ఫోన్లు చేసి, చవక కూపన్లు అమ్మేవారు. కూపన్‌తో ఒక పెద్ద ఫొటో దాదాపు ఉచితం. స్టూడియోకు వెళ్తే తీసేది ఒకటి కాదు, నాలుగైదు భంగిమలు. కొన్నాళ్లకు ప్రూఫులు, అంటే ఎంచుకోవడానికి నమూనా ప్రింట్లు, చూపిస్తారు. కూపన్‌కు వచ్చేది ఒక్కటే. సొంత బిడ్డ ముఖమున్న మిగతా నాలుగూ వద్దని బల్లమీద వదిలేసి రావడం ఏ తల్లికైనా కష్టం. మొహమాటం, మమకారం కలిసి బిల్లు పెంచేవి.

ప్రూఫుల్లోనూ ఒక కిటుకు ఉండేది. చాలా స్టూడియోలు వాటిని ఫిక్స్ చేయని, అంటే బొమ్మ నిలిచేలా రసాయనంతో కడగని, కాగితం మీద వేసేవి. ఎర్రమట్టి రంగులో ఉండే ఆ ప్రూఫు వెలుతురు తగిలేకొద్దీ నల్లబడిపోతుంది. దాన్నే ఫ్రేము కట్టించుకుందామంటే కుదరదు. ఆర్డరు ఇవ్వాల్సిందే.

ఆర్డరు ప్యాకేజీగా ఉండేది. గోడకు ఒక పెద్దది, బంధువులకు రెండు మధ్యరకం, పర్సులో పెట్టుకోవడానికి డజను చిన్నవి. ఒక్క నెగటివ్ నుంచి ఇన్ని ప్రింట్లు లాగితేనే లెక్క కుదిరేది. బడుల్లో ఇదే పద్ధతి ఇంకా వేగంగా సాగింది. మినసోటాలో 1936లో మొదలైన నేషనల్ స్కూల్ స్టూడియోస్ (తర్వాత పేరు లైఫ్‌టచ్) మనిషి బడికి వచ్చి, ఒకే స్టూలు, ఒకే తెర, ఒకే లైటుతో తరగతి తర్వాత తరగతిని తీసుకుంటూ పోయేవాడు. ఒక్కో పిల్లవాడికి దొరికేది కొన్ని సెకన్లే.

ఫొటోలు ఒకేలా ఎందుకున్నాయో ఇక్కడ తెలుస్తుంది. పిల్లవాడికో లైటింగు, ఇంటికో తెర మారిస్తే ఈ ధరకు గిట్టదు. లైట్లు బిగించేసి, స్టూలు గుర్తు మీద పెట్టి, పిల్లల్నే మారుస్తూ పోవాలి. 'అందరూ ఒకే అచ్చులో ఉండాలన్న సమాజపు ఒత్తిడి' అని నేడు చదివే పోలికల్లో సగం నిజానికి ఖర్చు లెక్కలు. అయితే ఒకసారి అలవాటయ్యాక ఆ పోలికే గిరాకీ అయింది. పక్కింటి గోడమీద ఉన్నలాంటిదే మన గోడమీదా ఉండాలని జనం అడగడం మొదలుపెట్టారు. వ్యాపారం ఆదర్శాన్ని అమ్ముకుంది, ఆదర్శం వ్యాపారానికి కొలతలిచ్చింది. ఏది ముందన్న ప్రశ్నకు తేలిక జవాబు లేదు.

తిరుగుడు ఫొటోగ్రాఫర్లు ఈ ఫ్యాక్టరీకి బయట ఉన్నారు. 1920ల నుంచి 1950ల దాకా ఒక చిన్న పోనీ గుర్రాన్ని వెంటబెట్టుకుని వీధుల్లో తిరిగేవారు. కౌబాయ్ టోపీ పెట్టి పిల్లవాణ్ని గుర్రమెక్కించి ఫొటో తీసి, తర్వాత వచ్చి తల్లికి అమ్మేవారు. 1955లో పాతకాలపు వేటగాడు, వీరుడు డేవీ క్రాకెట్ టీవీ కథల జోరులో రకూన్ తోలు టోపీ కూడా పిల్లల ఫొటోల్లోకి ఎక్కింది. ఆ ఫొటోల్లో వెనక ఇల్లుంటుంది, వాకిలుంటుంది, ఒక్కోసారి ఆరేసిన బట్టలూ ఉంటాయి. చరిత్రకారులకు స్టూడియో ఫొటో కన్నా ఇవే ఎక్కువ విషయం చెబుతాయి.

ఫ్రేములో లేనివాళ్లు

1890ల కుటుంబ చిత్రంలో తండ్రి కుర్చీలో, తల్లి పక్కన, పిల్లలు ఎత్తుల వారీగా నిలబడేవారు. వెనక స్తంభాలో తోటలో గీసిన తెర. కుటుంబం హోదా అంతా ఆ సరంజామాలో ఉండేది. 1950ల ప్యాకేజీ ఫొటోలో పిల్లవాడే కుటుంబం. తండ్రి లేడు. తల్లి కెమెరా పక్కన ఉంది. గౌను ఇస్త్రీ చేసింది, జుట్టు దువ్వింది, కూపన్ కొన్నది, ప్రూఫులు ఎంచింది ఆమే. ఆమె శ్రమంతా ఫొటోలో ఉంది, ఆమె తప్ప.

తెర మీద ఏమీ లేకపోవడం పైకి కనిపించేదాని కన్నా పెద్ద విషయం. అద్దె గదిలో ఉండే కార్మికుడి కూతురు, శివారు కాలనీలో సొంతిల్లున్న మేనేజరు కూతురు ఆ తెర ముందు ఒకే ఎత్తులో కూర్చుంటారు. గౌను ఒక్కటి బాగుంటే చాలు. మధ్యతరగతి అనిపించుకోవడానికి అంత చవకైన దారి అప్పట్లో మరొకటి లేదు. ఇంట్లో సొంత కొడాక్ కెమెరాతో తీసుకున్న ఫొటోతో పోలిస్తే తేడా తెలుస్తుంది. అందులో ఊడిన పెచ్చు, పాత సోఫా, తెగిన చెప్పు అన్నీ పడతాయి.

ఈ ఆదర్శంలో చోటు లేనివాళ్లు స్టూడియో గుమ్మం దాకా కూడా రాలేదు. డౌన్ సిండ్రోమ్ వంటి పరిస్థితితో పుట్టిన పిల్లల్ని సంస్థల్లో చేర్పించి మరచిపొమ్మని వైద్యులు సలహా ఇవ్వడం అప్పుడు మామూలు. న్యూయార్క్‌లో 1947లో తెరిచిన విల్లోబ్రూక్ అలాంటి సంస్థే. గోడమీది ఫొటోల వరసలో ఆ బిడ్డ స్థానం ఖాళీగా కూడా కనిపించదు.

అధికారిక లెక్కలూ ఫొటోలతో సరిపోలవు. ప్రభుత్వ పేదరికపు గణాంకాలు మొదలైన 1959లో, 18 ఏళ్లలోపు పిల్లల్లో దాదాపు 27 శాతం పేద ఇళ్లవాళ్లు. 1960 నాటికి వయోజన స్త్రీలలో మూడో వంతుకు పైగా ఉద్యోగం చేస్తున్నవాళ్లో, వెతుక్కుంటున్నవాళ్లో. 'తల్లి ఇంట్లోనే' అన్న చిత్రం బలంగా ఉన్న ఆ దశకంలోనే పెళ్లయిన స్త్రీల ఉద్యోగాలు పెరిగాయి.

  

అదే తెర, వేరే అర్థం

జీఐ బిల్లు కాగితం మీద అందరిదీ. మిసిసిపీ రాష్ట్రంలో 1947లో ప్రభుత్వ హామీతో మాజీ సైనికులకు అందిన 3,200కు పైగా రుణాల్లో నల్లజాతి వారికి దక్కినవి రెండు. లెవిట్‌టౌన్ తొలి ఒప్పందాలు శ్వేతేతరులు అక్కడ నివసించకూడదని రాతపూర్వకంగా చెప్పాయి. ఇల్లు కొననివ్వలేదు గానీ ఫొటో దిగడాన్ని ఎవరూ ఆపలేకపోయారు. నల్లజాతి పేటల్లో సొంత స్టూడియోలు అప్పటికే దశాబ్దాలుగా ఉన్నాయి. వాషింగ్టన్‌లో స్కర్‌లాక్ కుటుంబం 1911 నుంచి, మెంఫిస్‌లో హుక్స్ సోదరులు 1907 నుంచి నడిపారు. పిట్స్‌బర్గ్‌లో చార్ల్స్ 'టీనీ' హారిస్ తీసిన దాదాపు 80 వేల నెగటివ్‌లు నేడు కార్నెగీ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ ఫొటోల్లోనూ అదే బో టై, అవే తెల్ల సాక్సులు. పైకి చూస్తే అనుకరణ అనిపిస్తుంది. పత్రికల్లో, ప్రకటనల్లో నల్లజాతి పిల్లల్ని వెక్కిరింపు బొమ్మలుగా చూపిస్తున్న కాలంలో, శుభ్రంగా ఇస్త్రీ చేసిన కోటుతో ఒక పిల్లవాడు సూటిగా చూస్తున్న ఫొటో ఒక జవాబు. శ్వేతజాతి ఇంట్లో అది 'మేమూ అందరిలాగే' అంటే, ఇక్కడ 'మీరు చెప్పేలా మేం లేం' అంటుంది.

జపాన్‌తో యుద్ధం నడిచినంతకాలం అమెరికా ప్రభుత్వం శిబిరాల్లో బంధించిన జపనీస్ అమెరికన్ల కథలో ఇది ఇంకా స్పష్టం. లాస్ ఏంజెలెస్ ఫొటోగ్రాఫర్ టోయో మియటాకేను యుద్ధకాలంలో కుటుంబంతో సహా మాంజనార్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడ కెమెరాలు నిషేధం. ఆయన రహస్యంగా ఒక లెన్సు తెచ్చుకుని చెక్కపెట్టెతో కెమెరా తయారుచేసుకున్నాడు. తర్వాత అధికారుల అనుమతితోనే శిబిరంలో కుటుంబాల ఫొటోలు తీశాడు. యుద్ధం ముగిశాక లాస్ ఏంజెలెస్‌లోని జపనీస్ పేట లిటిల్ టోక్యోలో స్టూడియో మళ్లీ తెరిచాడు. అన్నీ పోగొట్టుకుని తిరిగొచ్చిన కుటుంబాలు పిల్లల్ని ముస్తాబు చేసి ఫొటో తీయించుకుంటే, ఆ మామూలుతనమే వాళ్లకు కావలసింది.

చక్కటి ఫొటో ఎంత పెద్ద సాక్ష్యం కాగలదో 1955లో దేశమంతా చూసింది. మిసిసిపీలో తెల్లవాళ్ల చేతిలో హత్యకు గురైన పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లవాడు ఎమెట్ టిల్ శవపేటికను తల్లి మామీ టిల్ షికాగోలో తెరిచే ఉంచింది. ముఖం గుర్తుపట్టలేని స్థితిలో ఉంది. మూత లోపలివైపు క్రిస్మస్‌కు తీసిన ఫొటోలు అంటించింది. టై కట్టుకుని నవ్వుతున్న కొడుకు పైన, చంపేసిన కొడుకు కింద. శ్రద్ధగా పెంచిన బిడ్డ అని చెప్పడానికి అమెరికాకు తెలిసిన భాష ఆ ఫొటోదే కాబట్టి ఆమె దాన్నే వాడింది.

రంగు ఎవరి కోసం

1950ల మధ్య దాకా చాలా పిల్లల ఫొటోలు నలుపు తెలుపే. 'కలర్' కావాలంటే చేత్తో అద్దేవారు. ఫొటోగ్రాఫరు కళ్లు నీలం, జుట్టు రాగి, గౌను గులాబీ అని చీటీ రాస్తే, లోపల పనిచేసే స్త్రీలు పారదర్శకమైన ఆయిల్ రంగులు దూదితో రుద్దేవారు. బుగ్గలకు ఒకే గులాబీ. జబ్బుతో మంచం పట్టిన పిల్లాడికైనా, ఎండలో ఆడే పిల్లాడికైనా అదే ఆరోగ్యం.

తర్వాత కలర్ ప్రింట్లు చవకయ్యాయి. 1954 కోర్టు ఒప్పందంతో ఫిల్ము ధరలోనే కడిగే ఖర్చు కలిపి అమ్మే పద్ధతిని కొడాక్ వదులుకోవడంతో బయటి ల్యాబులకూ దారి దొరికింది. అయితే ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి వాడిన 'షర్లీ కార్డు' మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ ఫొటో. ఫిల్ము, ప్రింటు ఆమె చర్మానికి సరిపోయేలా కుదిరాయి. తెల్ల, నల్ల పిల్లలు ఒకే తరగతి ఫొటోలో కూర్చునే రోజులొచ్చాక లోపం బయటపడింది. తెల్లపిల్లల ముఖాలు చక్కగా వస్తే, నల్లపిల్లల ముఖాల్లో కళ్లూ పళ్లూ తప్ప వివరం రాలేదు. తల్లులు ఫిర్యాదు చేశారు. కంపెనీని గట్టిగా కదిలించింది మాత్రం గోధుమ రంగుల్లో తేడా కనిపించడం లేదన్న చాక్లెట్, ఫర్నిచర్ తయారీదార్ల గోల. ఫిల్ము మెరుగైంది, వేర్వేరు చర్మాలున్న కార్డులు 1990ల్లో వచ్చాయి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ తొలి కలర్ ప్రింట్లలో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు ముందుగా వెలిసిపోయి ఫొటో ఎర్రబారుతుంది. అంతకుముందు చేత్తో రంగులద్దినవి చాలావరకు నిలిచాయి. 'వింటేజ్' ఫిల్టరు పేరుతో నేడు ఫోన్లో వేసుకునే ఎర్రటి మసక, ఆ రసాయన లోపానికి నకలే.

మాల్‌లోకి, అక్కణ్నుంచి ఫోన్‌లోకి

డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఈ వ్యాపారాన్ని తమ కప్పు కిందికి తెచ్చుకున్నాయి. సియర్స్, జేసీ పెన్నీ స్టూడియోల్లో 1970ల నుంచి రెండు వేల తొలి ఏళ్ల దాకా అదే పద్ధతి నడిచింది, కూపను, నాలుగైదు భంగిమలు, ప్యాకేజీ. ఆసియా వాళ్లకూ తలుపు తెరిచిన 1965 వలస చట్టం తర్వాత, ముఖ్యంగా తొంభైల నుంచి అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాలు కూడా ఈ వరసలో నిలబడ్డాయి. ఇక్కడ బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నుదుటా బుగ్గనా దిష్టి చుక్క పెట్టి స్టూడియోలో తీయించే ఫొటో, అక్కడ పుట్టినరోజు ఫొటోగా మారి కవర్లో గుంటూరుకో కరీంనగర్‌కో వచ్చేది. యుద్ధం తర్వాతి రోజుల్లో మినసోటా శివారు నుంచి తాత నానమ్మలున్న అయోవా పల్లెకు వెళ్లిన ఫొటో చేసిన పనే ఇదీ చేసింది.

డిజిటల్ కెమెరా ప్యాకేజీ లెక్కను దెబ్బతీసింది. ఫైలు చేతికొచ్చాక డజను చిన్న ప్రింట్లు ఎవరు కొంటారు? సియర్స్, వాల్‌మార్ట్ స్టూడియోలను నడిపిన సీపీఐ కార్పొరేషన్ అనే కంపెనీ 2013 ఏప్రిల్‌లో ఉన్నపళంగా అమెరికాలోని తన స్టూడియోలన్నీ మూసేసింది. ఓలన్ మిల్స్‌ను 2011లో లైఫ్‌టచ్ కొనేసింది. ఆ లైఫ్‌టచ్‌ను 2018లో ఆన్‌లైన్‌లో ఫొటో ప్రింట్లు అమ్మే షట్టర్‌ఫ్లై 82.5 కోట్ల డాలర్లకు తీసుకుంది. గట్టిగా నిలబడిన భాగం బడి ఫొటో. దానికి కారణమూ 1936 నాటిదే. పిల్లలందరూ ఒకే రోజు, ఒకే చోట, ముస్తాబై దొరుకుతారు. కొనాలో వద్దో తేల్చుకోవాల్సింది ఇంట్లో ఉన్న తల్లిదండ్రులు.